ఐదో అంతస్తు మలుపు

జుంబెర్ శవపేటిక ఐదో అంతస్తు మలుపులో ఇరుక్కుంది.
అడ్డం పడ్డది నా బీరువా.

ఆరేళ్ళ కిందట కొత్తది కొన్నాను.
పాతదాన్ని పారేయబుద్ధి కాక మెట్ల మీదికి నెట్టాను.
మెట్లు ఎవరివీ కావు కదా అనుకున్నాను.
టిబిలిసి శివార్లలో, గల్దానీలో, తొమ్మిదంతస్తుల మా బిల్డింగులో
ఎవరివీ కానివి చాలా ఉండేవి.
గుమ్మం బయట వెలుతురు కావాలంటే
బల్బు జేబులో వేసుకుని రావాలి,
పోయేటప్పుడు విప్పుకుని పోవాలి.
లిఫ్టుకి బిళ్ళ వేయాలి, ఇరవై తేత్రీలు.
బిళ్ళ మింగి కదలని లిఫ్టుని తన్నడం
పిల్లలకి కూడా వచ్చు.
అప్పటికి పదకొండు రోజులుగా తన్నినా కదలడం లేదు.
కదిలినా పేటిక పట్టేది కాదు, అది వేరే మాట.

మార్చి నెల. మోస్తున్నవాళ్ళ నోళ్ళలోంచి పొగలు.
"ఎడమకి... కాదు కాదు, తలవైపు లేపండి!"
తలుపు కన్నంలోంచి చూస్తున్నాను.
బీరువా అద్దంలో ముర్మాన్ మోచెయ్యి,
దాని వెనక జుంబెర్ భార్య లమారా.
ఏడవడం లేదామె. బీరువా కేసి చూస్తోంది,
బస్సులో కాలు తొక్కి, తొక్కలేదన్నవాణ్ని చూసినట్టు.

తలుపు తీశాను.
ఏమనాలో తెలీక "లోపలికి రండి" అన్నాను.
వచ్చారు.
పేటికని మా భోజనాల బల్ల మీద దించారు.
ఉప్పుడబ్బా పక్కకి జరిపాను.
నేను సుత్తితో బీరువాని పలకలు పలకలుగా ఊడబీకేదాకా
పావుగంటసేపు జుంబెర్ మా ఇంట్లో ఉన్నాడు.
పన్నెండేళ్ళ ఇరుగుపొరుగు.
ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు.

నలభయ్యో రోజు దాటాక ఆదివారం సాయంత్రం
వాకిట్లో కూర్చున్నాం, ఇటుకల మీద ఆ పలకలే వేసుకుని.
ముప్పయ్యారు ఇళ్ళకి పద్నాలుగు మంది.
ఏతెరీ రిటైరైన భూగోళం టీచరు,
వాడని పాత హాజరుపట్టీ ఒకటి తెచ్చింది.
పేర్లు పిలిచింది. తలలు నెరిసినవాళ్ళం
"ఉన్నాను" అన్నాం వరసగా.
నా పేరు ఆమెకి తెలియదు.
"ఐదో అంతస్తు, బీరువా."
"ఉన్నాను."

ఓతియాది మొదటి అంతస్తు.
"నాకెందుకయ్యా లిఫ్టు? పైసా ఇవ్వను."
తొమ్మిదో అంతస్తు సిసానా గింజలు నమలడం ఆపింది.
"సరే. మా ఇంట్లో పైపు పగిలిన రోజు
నీళ్ళకి చెప్తాలే, రెండో అంతస్తు దగ్గరే ఆగిపొమ్మని."
సంఘానికి ఏం పేరు పెట్టాలన్న దాని మీద
గంటన్నర కొట్లాడుకుని ఏ పేరూ పెట్టకుండా లేచాం.
పట్టీ అట్ట మీద ఉన్నదే మిగిలింది:
ఏడో తరగతి, బి సెక్షన్.

చందా ఆలూబుఖారా పచ్చడి సీసాలో వేశాం.
నోట్లు ఇప్పటికీ పుల్లటి వాసన.
లిఫ్టు మే నెలలో లేచింది.
ఓతియా అన్నమాట ప్రకారం పైసా ఇవ్వలేదు.
మెకానిక్ వచ్చిన మూడు రోజులూ
నిచ్చెన పట్టుకున్నది మాత్రం అతనే.
దీన్ని ఏ గడిలో రాయాలో తెలీక
ఏతెరీ పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది.

మూడో అంతస్తు బల్బు రెండుసార్లు పోయింది.
దొంగ మనలోనే ఉన్నాడని అందరికీ తెలుసు,
అందరం అందరి ముఖాలూ చూశాం.
మూడోసారి లమారా కొత్త బల్బు మీద
మనవరాలి గోళ్ళరంగుతో 'జుంబెర్' అని రాసి బిగించింది.
అది ఇంకా వెలుగుతోంది.

లిఫ్టుకి కోపమొచ్చే రోజులు ఇప్పుడూ ఉన్నాయి.
అప్పుడు లమారా ఎనిమిదో అంతస్తుకి మెట్లెక్కుతుంది.
బీరువా ఉన్న చోట గోడకి
మనిషంత ఎత్తున పాత ఆకుపచ్చ రంగు మిగిలింది.
అక్కడ చెయ్యి ఆనించి ఆగుతుంది.
మా తలుపు కొట్టదు. దగ్గుతుంది.
నేను కుర్చీ తెచ్చి బయట వేస్తాను.
ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోం.

ఆమె పైకి వెళ్ళిపోగానే
కుర్చీ లోపలికి తీసేస్తాను.