జేబు బొంత

నెల్లిమర్లలో ముసురు.
తవిటమ్మత్త గుమ్మంలో కాళ్లు జాపి
పాత చీరలు చదరాలు చదరాలుగా చింపుతోంది.
కత్తెర ముట్టదు. పోగు చెప్పిన దారినే చింపాలట.

నా చిన్నప్పటి నీలం పరికిణీ పక్కన
పొందూరు పంచె అంచు,
దాని పక్కన మామయ్య మిల్లు చొక్కా
ఎన్ని ఉతుకులు ఉతికినా గోనెనార వాసన.

"జేబు విప్పలేదేటత్తా?"
"ఉండనీ."

సూదిలో దారం నాచేత ఎక్కించుకుంది.
జేబుకి మూడువైపులా కుట్లు, చీమల బారు.
పైమూతి దగ్గర ఆగి
పళ్లతో దారం తెంపింది.

లాకౌటు నాడు ఆ జేబులో
టోకెను బిళ్ల ఒక్కటే మిగిలిందని
వీధంతటికీ తెలుసు.

రాత్రి బొంత కప్పుకుని
చీకట్లో చెయ్యి పెట్టి తడిమింది.
బిళ్ల కాదు,
సగం కాల్చిన చుట్ట.
అగ్గిపెట్టి నన్ను తెమ్మంది.