అడిగావు కనుక

ఏ ఆట కొనమంటారని అడిగావు కదా నాగిసా,
సైరన్ మోగడానికి ఇంకా పావుగంట ఉంది, చేతి తొడుగులు తీసి కూర్చో.
నాకు అరవై ఒకటి. ముప్ఫై ఏళ్ళుగా
ఈ హకోదాతేలో స్క్విడ్లు కోస్తున్నాను.
మొహమాటానికి పొగిడే వయసు దాటిపోయింది.

ముందు ఆ చేపల ఆట.
"నీ పనే కదా" అంటూ మా బావగారు ముచ్చటపడి ఇచ్చాడు.
మీట నొక్కితే చేప. మళ్ళీ నొక్కితే ఇంకా పెద్ద చేప.
చలికి వేళ్ళు కొంకర్లు పోవు, గాలం గుచ్చుకోదు.
రాత్రంతా దీపాలు వెలిగించుకుని
ఖాళీ పడవతో తిరిగొచ్చినవాడి మొహం
అందులో ఎంత వెతికినా లేదు.
అమ్మేశాను. ఆ డబ్బుకి మంచి కత్తి వచ్చింది.

పొలం ఆట అలా కాదు, దాని అబద్ధం తియ్యగా ఉంటుంది.
మూడు రోజుల్లో ముల్లంగి ఊరుతుంది, సరే, నమ్మాను.
కానీ ఆ కొట్టువాడున్నాడు చూడు,
అర్ధరాత్రి తలుపు తట్టినా విసుక్కోడు, బేరమాడడు,
తూకంలో కొట్టడు, తెచ్చిందంతా కొనేస్తాడు!
పగలబడి నవ్వాను.
నవ్వుతూనే రెండు శీతాకాలాలు ఆడాను. తప్పు నాదే.

యుద్ధంలోకి ఒక్కసారే దిగాను.
నాలుగడుగులు వేశానో లేదో చచ్చాను.
లేచాను. చచ్చాను.
చెవిలో ఎవడో పిల్లాడు, గొంతు ఇంకా మారనే లేదు,
ఏదో భాషలో తిడుతున్నాడు.
తిట్టు తెలియడానికి భాషతో పనేముంది?
వెనకాల వాళ్ళమ్మ కాబోలు, అన్నానికి పిలుస్తోంది.
అదీ అర్థమైంది.
"పోరా, చల్లారిపోతుంది" అన్నాను.
ఏమనుకున్నాడో, వెళ్ళిపోయాడు.
ఆ ఆటలో నేను గెలిచింది అదొక్కటే.

కార్ల పందెం నీకు నచ్చుతుంది, నాకు నచ్చలేదు.
ఓసారి వెనక్కి నడిపి చూశాను,
చప్పట్లు కొట్టే జనమంతా అట్టముక్కలు, అందరిదీ ఒకే మొహం.

దయ్యాల ఆట కొనాలంటే కొనుక్కో.
ఒక్కదాన్నే ఉండే ఇంట్లో
తలుపు దానంతటదే తెరుచుకుంటే
నాకు భయం వేయదు,
ఎవరొచ్చారా అనిపిస్తుంది.

ఇటుకలు రాలే ఆట మాత్రం నాకు అన్నం పెట్టింది.
ఐసు గదిలో ట్రేలు సందు లేకుండా సర్దుతానని
ఫోర్‌మన్ అందరి ముందూ మెచ్చుకున్నాడు.
ఎక్కడ నేర్చానో చెప్పలేదు.

ఇంకొకటుంది.
పొద్దుటి బజారు వెనక సందులో, మూడొందల యెన్లకి,
లేబులు సగం చిరిగిన పాత క్యాసెట్.
కత్తి, డ్రాగన్, అంతమైపోతున్న లోకం.
లోకం అంతమవుతోందని చెప్పి, ఆ నోటితోనే
పిల్లి తప్పిపోయింది, వెతికిపెట్టమంటారు.
వెతికినంతసేపూ లోకం ఓపిగ్గా ఆగుతుంది.
మాటలు చప్పన, రాక్షసులు ముద్దపప్పులు.
ఆట దాచుకోవడానికి మూడే గళ్ళు,
మూడూ నిండి ఉన్నాయి.
తొషిమి, నలభై ఒక్క గంటలు.
గోర్తా, ఆరు గంటలు.
మూడోదాని పేరు "ఆఆఆఆ", పన్నెండు నిమిషాలు.

ఎవరినో ఒకరిని చెరిపితే గాని నాకు చోటు లేదు.
పన్నెండు నిమిషాల వాడి మీదికే చెయ్యి పోయింది.
కానీ ఆ నాలుగు ఆ-లు నొక్కిన వేలు
ఎంత తొందరలో ఉందో, ఎంత చిన్నదో.

చెరపలేదు.
మిషన్ ఆర్పకుండా తొమ్మిది రోజులు ఆడాను.
డ్యూటీకి వచ్చేటప్పుడు దాని మీద తడిగుడ్డ కాదు, పొడిగుడ్డే కప్పి,
గాలివాన రాత్రి బల్బు మినుకుమన్నప్పుడు
ప్లగ్గుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను,
పట్టుకుంటే కరెంటు పోదన్నట్టు.

డ్రాగన్ చచ్చింది. రాజుగారు ఏదో అన్నాడు, చదవలేదు.

ఆట పరమ చెత్త. కొనకు.
కావాలంటే నాదే పట్టుకెళ్ళు,
ఆ ముగ్గురి జోలికీ వెళ్ళకు.
అదిగో సైరన్.
తొడుగులు వేసుకో, ఎడమది చిరిగింది, చూసుకో.