మోకాలి ఎక్స్‌రే

పెరంబూరు బ్యారక్స్ రోడ్డు వెనక సందులో
రెండో అంతస్తు, నా కుట్టుమిషను కింద
పీలికల బుట్టలో
అడక్కుండా వచ్చి పడుకున్నాడు.

గండుపిల్లి.
నెలన్నరగా మా సందు రాత్రుళ్లన్నీ
వాడి గొంతులోనే చిరిగేవి.
చెవి వెనక నుంచి మెడ దాకా ఊడిన బొచ్చు,
గడ్డకట్టిన చీము,
గొంతు కింద అయిదు రూపాయల బిళ్లంత పచ్చి పుండు.
దగ్గరికెళ్తే ఆ గొంతే
అరిగిన బెల్టులా కీచుమంది.

వెంటనే ఆపరేషన్ చేయించేద్దామని తీసుకెళ్లాను.
ఇప్పుడు కుదరదంది డాక్టరమ్మ,
చేతికి రెండేసి తొడుగులు వేసుకుని.
ముందు చర్మం మానాలి, మూడు కిలోలు దాటాలి,
మూడు వారాలు చూసుకోగలరా?
దీపావళికి ముందు మూడు వారాలు!
జాకెట్లిచ్చిన వాళ్లకి ఏం చెప్పను?
చూసుకుంటానన్నాను.

పుస్తకంలో రాయడానికి పేరడిగాడు కాంపౌండరు.
పేరెక్కడిది?
చేతిలో ఉన్న రసీదు చూసి
మరకతవల్లి, అన్నాను.
తలెత్తకుండా రాసుకున్నాడు:
మరకతవల్లి. మగ. రెండేళ్లు.

కింది వాటా ఎళిలరసి
పసుపూ వేపాకూ నూరి తెచ్చింది.
నాకేస్తాడు, వద్దంటే
నాలుగు రోజులు మాట మానేసింది.

నాకకుండా మెడకి గరాటా కావాలి.
కొట్లో నాలుగు వందల యాభై.
బీరువా మీద పాత కవర్లో నా మోకాలి ఎక్స్‌రే ఉంది.
పెద్ద కత్తెరతో గుండ్రంగా కోసి
గుచ్చుకోకుండా అంచుకి
ఎవరిదో ఎర్ర పైపింగు కుట్టాను.
కిటికీ దగ్గర వాడు తల తిప్పినప్పుడల్లా
నా మోకాలి చిప్ప
వెలిగేది, ఆరేది.
పదకొండేళ్ల కింద బస్సు మెట్టు మీద విరిగిన ఎముక
వాడి మెడ చుట్టూ ఇల్లంతా తిరిగేది.

మాత్ర పొడిచేసి చేపలో పెట్టాలి.
ఇక్కడ మత్తి అంటారు, మా సూళ్లూరుపేటలో కవళ్లు.
ఏ పేరున పెట్టినా
చేప తినేసి పొడి వదిలేసేవాడు.
మందు రాయబోతే గీరాడు, ఎడమ చేతి మీద మూడు గీతలు.
సుద్దగీతలైతే దులిపేసుకునేదాన్ని.

పదో రోజుకి పుండు అంచులు దగ్గరికొచ్చాయి.
దారం లేదు, ముడి లేదు.
ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను,
ఈ కుట్టు నాకు పట్టుబడలేదు.
పదిహేనో రోజు బూడిదరంగు నూగు.
పదిహేడో రోజు
గుండీలు కుడుతుంటే వచ్చి నా కాలికి ఆనుకున్నాడు,
బొమ్మ మోకాలు అసలు మోకాలికి తగిలి
టక్కుమంది.

అప్పుడు పట్టుకుంది నాకు భయం.
కరిచే రోజుల్లోనే తీసుకెళ్లి ఉంటే
వాడికి నేను పగదాన్ని, లెక్క సరిపోయేది.
ఇప్పుడు పిలిస్తే వస్తాడు.
బుట్టలోకి రమ్మన్నా వస్తాడు.

ఆ మాటే ఎళిలరసితో అన్నాను, మెట్ల మీద.
ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.
మూడో కాన్పయిన మర్నాడే తనకి చేసేశారట.
తననెవరూ అడగలేదు, వేలిముద్ర అత్తగారిది.
"నాకు పచ్చి ఒంటి మీదే, అక్కా.
వీడికి మానేదాకా ఆగావు కదా"
అని చేట ఎగరేసింది.
అది ఓదార్పో, ఎత్తిపొడుపో
ఇప్పటికీ తెలియదు.

ఆపరేషనైన పిల్లికి గుర్తుగా
ఎడమ చెవి కొస కత్తిరిస్తారట.
వీడికి ఆ కొస ఎప్పుడో ఏ గోడ మీదో పోయింది.
"ఒక పని తగ్గింది" అని నవ్వింది డాక్టరమ్మ.
గరాటా మాత్రం తియ్యొద్దంది, మళ్లీ కావాలట.

రేపు ఏడింటికి ఆటో.
రాత్రి పది దాటాక మేత పెట్టకూడదు.
ఖాళీ గిన్నె ముందు కూర్చుని
గిన్నెని కాదు, నన్ను చూస్తున్నాడు.

స్నానాలగది తలుపేసుకుని
కుళాయి విప్పి
నిలబడే తిన్నాను పెరుగన్నం,
చెంచా గిన్నెకి తగలకుండా.

తలుపు కింద సందులోంచి
ఎర్ర పైపింగు అంచు
కొంచెం లోపలికి వచ్చింది.