నవంబరు నుంచి కొత్త రేటు

ఆరువందల ఇరవై అని రాసి కొట్టేశాను.
ఏడువందల పది అని రాసి
పెన్సిలు చివర కొరుకుతూ కూర్చున్నాను.
వంటింటి బల్ల మీద పద్నాలుగు కవర్లు.
నా లాయంలో పద్నాలుగు గుర్రాలు,
ఒక్కటీ నాది కాదు.

ఆల్బర్టాలో ఈ ఏడు జూన్ నెలంతా
ఆకాశం బాకీ ఎగ్గొట్టినవాడిలా
మొహం తుడుచుకుని నీలంగా తిరిగింది.
తిమోతి గడ్డి మోకాలు దాటలేదు.
నిరుడు ఎనభై డాలర్లున్న గడ్డి చుట్ట
ఇప్పుడు నూట తొంభై,
అదీ బోయిచుక్ బతిమాలించుకుని ట్రక్కులో తెస్తే.
గుర్రానికి ఈ సంగతి చెప్పి చూడండి.
రోజుకి పది కిలోలు దాని లెక్క.
దాని లెక్కలో వాన లేదు.

ఎడ్మంటన్ నుంచి ఫోన్ చేసేవాళ్లడుగుతారు:
ఒక గది, ఇంత గడ్డి, అంతేగా?
అంతే.
ఆ గదిలో పరిచే రంపపు పొట్టు,
మైనస్ ముప్పైలో నీళ్లు గడ్డకట్టకుండా
తొట్టిలో రాత్రంతా కాలే కరెంటు తీగ,
ఆ తీగ తొడుగు కొరికేవాడొకడు,
బీమావాళ్ల ఉత్తరం,
పేడ ఎత్తే డార్లీన్‌కి గంటకి పద్దెనిమిది,
ఇసుక పోసిన లోపలి మైదానం
(స్వారీ చేసేది ముగ్గురు, కట్టేది అందరూ),
ఇంకా, రాత్రి రెండింటికి
కడుపునొప్పితో పొర్లే గుర్రాన్ని లేపి
మంచులో నడిపించే నా మోకాళ్లు.
వాటిని ఏ పద్దులో రాయాలో
లెక్కలు చూసే కుర్రాడికీ తెలీదు.

బయట మందలో ఉండేదానికి సగం ధర.
గాలికడ్డంగా మూడు గోడలు చాలు.
వీపు మీద పడ్డ మంచు కరగలేదంటే
లోపల ఒళ్లు వెచ్చగా ఉన్నట్టు.
ఐవర్ లోకెన్ ముసలి కార్పొరల్‌కి అది కుదరదు.
ఇరవై తొమ్మిదేళ్లు. దవడ పళ్లు లేవు.
గడ్డి నమిలి ఉండల్లా ఉమ్మేస్తాడు.
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు,
పళ్లూడితే నానబెట్టే చెయ్యి కూడా తప్పదు.
ఖర్చు తడిసి మోపెడవడమంటే నాకు
రోజుకి మూడు బకెట్లు,
గోరువెచ్చని నీళ్లలో ఉబ్బిన గడ్డి బిళ్లలు.

ఐవర్ శనివారాలు పేడ ఎత్తేవాడు,
వంద తగ్గించేదాన్ని.
వేసవిలో భుజం జారింది.
దాని గురించి ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.
ఆయన కవర్లోనూ అదే ఉత్తరం పెట్టాను.
ఒక్కరికి తగ్గిస్తే పదమూడు మందికి తెలుస్తుంది,
లాయంలో రహస్యం గడ్డిలో నిప్పురవ్వ.

మూడోరోజు వచ్చాడు. బేరమాడలేదు.
తూర్పున పదకొండు కిలోమీటర్లలో
పెట్రిషిన్ గారి పాత ఆవులపాక,
రెండువందల యాభై, నానబెట్టుకోవడం తనే.
బండి కిరాయి దండగని
కార్పొరల్‌ని నడిపించుకునే బయల్దేరాడు.
వెనక నా ట్రక్కు, లైట్లు మినుక్కుమంటూ,
గుర్రం నడకకి తగ్గ వేగంలో, మూడు గంటలు.
దారిలో మూడుసార్లు ఆగారు,
ఎవరి కోసం ఆగారో నేను అడగలేదు.

మలుపు దగ్గర కిటికీలోంచి కవరిచ్చాడు,
అక్టోబరు బాకీ.
ఇంటికొచ్చి లెక్కపెడితే పది డాలర్లు ఎక్కువ,
చీటీ మీద వణికే అక్షరాలు:
'తీగ కొరికినందుకు.'

పక్క గదిలో పాన్సీ
సాయంత్రం దాణా ముట్టలేదు,
గోడవైపు తిరిగి నిలబడింది.
రేపు కూడా తినకపోతే డాక్టరు,
డాక్టరు వస్తే గేటు దాటగానే నూట ఇరవై.
ఖాళీ గది కూడా మేస్తుంది మరి:
కప్పు, బీమా, బ్యాంకు వాయిదా,
ఏదీ పద్నాలుగోవంతు తగ్గదు.

కొత్త కవర్లు తీశాను. పదమూడు.
పెన్సిలు చెక్కి
ఏడువందల అరవై అని రాసి
చాలాసేపు దాన్నే చూశాను.