సొట్ట

సిరిసిల్లల పద్నాలుగేండ్లు
సాంచెల చప్పుడు తిని బతికిన చెవులు ఇవి.
ఇప్పుడు కువైట్ల, హస్సావిల, లాండ్రీ షాపు యెనుక
ఫ్యాను లేని గోదాంల
ఆరు పాత మిషన్లు పెట్టుకున్నంటే
మా రూమోళ్లు నవ్వుతరు.
"అందరు బంగారం కొంటరు, ప్లాటు కొంటరు.
గీ వేముల దశరథం తుప్పు కొంటడు."

శుక్రారం పొద్దుగాల్నే అల్ రాయ్ సంతకు పోత.
దుప్పట్ల కాడ ఆగ, ఫోన్ల కాడ ఆగ.
ఆఖర్న, ఇరిగిన కుర్చీలు కుప్పవోసే తాన
గొంతుక్కూసుని మూత ఎత్తి చూస్త.
అడుగున ఉన్న రెక్కను ఏలితోని తిప్పుత.
తిరిగితే మూడు దినార్లు.
తిరగకపోతే ఒకటే.
నాకు తిరగనిదే కావాలె.

ఒకదానికి నెత్తిమీద రెండు రబ్బరు రోళ్లు.
నడుమ అంగి పెట్టి చెయ్యి తిప్పితే
చెరుకురసం బండి లెక్క పిండుతది.
అది ఏ దేశపుదో
బిళ్ల మీది అక్షరాలు ఉప్పుగాలి నాకేసింది.
ఇంకోదాని కడుపుల దొరికినయి
ఒక గుండి, ఇరవై ఫిల్సుల బిళ్ల, ఖర్జూరం గింజ,
ఇంక ఇసుక.
ఎన్నిసార్లు కడిగినా ఒడువని ఇసుక.

సామాన్లు ఏడ దొరుకుతయి?
లారీ ట్యూబు కోసి సీలు చేస్త.
పాత కూలర్ల కెపాసిటరు పీకి దీనికి పెడ్త.
నాడె తగిలి పగిలిన చెక్కకు
కట్టు కట్టిన చెయ్యే గదా.

కొత్త మిషన్లు గుసగుస పెడ్తయి,
పని అయినంక పాట పాడ్తయి.
నాకు నమ్మబుద్ధి కాదు.
దినాం నూటిరవై డిష్‌డాషాలు ఇస్త్రీ చేస్త,
తెల్లగ, ఒక్క తీరుగ, లోపట మనుషులు లేకుంట.
ఇస్త్రీపెట్టెకు ఆవిరి ఉన్నది, మాట లేదు.

పాచిరంగుది ఒకటున్నది, రెండు తొట్లది.
జాబ్రియల ఎవలిదో ఇల్లు కూలగొడ్తుంటే సంతకొచ్చింది.
ఎడమ దిక్కు, కింద, గిన్నె బోర్లించినంత సొట్ట.
లోపట కట్టె పెట్టి సుత్తెతోని ఎత్తుదామని,
మీద రంగు కొడ్దామని డబ్బ గూడ తెచ్చిన.
టైమరు ఒక్కటే మొండిది.
మూడు వారాలు ఇప్పి చూసిన, ఏడు కాడ ఆగుతది.

మొన్న పరదాలు ఇయ్యనీకి వచ్చిన ఆమె,
రాయచోటి దిక్కు మనిషి,
తలుపు సందులకెళ్లి చూసి
చీటీ తీసుకునుడు మర్సి లోపటికి నడిచొచ్చింది.

"ఇది యాడ దొరికింది నీకు?"

నేను చెప్పేదాన్క ఆగలే.
"పదకొండేండ్లు సామీ, దీంతోనే ఉండ్య.
అరబ్బీ అంకెలు దీని గుండీ మీదనే నేర్చుకున్యా.
ఏడు కాడికొస్తే మొరాయిస్తాది, చూడు."

ప్లగ్గు పెట్టిన. నీళ్లు పోసిన.
ఏడు కాడ ఆగింది.
ఆమె అబాయా కొంచెం పైకి పట్టుకొని
మోకాలు ఆ సొట్టల పెట్టి ఒక్క పోటు పొడిచింది.
కొలత తీసి కుట్టినట్టు కూసుంది మోకాలు.
మిషను కదిలింది.

"ఏడుపొస్తే పిండే తొట్టి ఏసేదాన్ని.
దాని గోలలో మేడంకు ఏమీ ఇనపడదు గదా"
అన్నది, నీళ్ల పైపు దిక్కు చూసుకుంట,
పప్పుల ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు.

పిండే తొట్టి ఏసిన.
గోదాం వణికింది. మిగిలిన అయిదిటి మూతలు
పండ్లు కొరికినట్టు టకటకమన్నయి.
కరెంటు వచ్చినంక మా కార్ఖానాల
ముప్పై సాంచెలు ఒక్కసారి లేచినట్టు.
నేను ఆమె మొఖం చూస్తున్న.
ఆమె కండ్లు మూసుకోలే, ఏడ్వలే.
మూత మీద అరచెయ్యి పెట్టి, చెవి వంచి
"బెల్టు వదులైనాది, బిగించు" అన్నది.

చూస్తే నిజమే, అరంగుళం.

రంగు డబ్బ మూత ఇంక తియ్యలే.
సుత్తె ఇస్త్రీబల్ల కింద వడేసిన.
టైమరు జోలికి పోవుడు లేదు,
ఏడు కాడ ఆగితే ఆగనీ.

చీటీ మీద రాసున్నది మేడం పేరు.
ఈమె పేరు అడుగుడు మర్సిన.
గురువారం పరదాల కోసం వస్తది.
అప్పటికి బెల్టు బిగియ్యాలె.