శనగ పులుసు

ఆదివారం జమ్మలమడుగు గుడిలో
కుర్ర అయ్యగారు రాజుల కథ చదువుతున్నాడు.
సాదోకు పేరు సాఫీగా జారింది.
అబ్యాతారు దగ్గర నాలుక తట్టుకుంది.
దగ్గాడు, నీళ్లు తాగాడు,
పేరు దాటేసి ముందుకు పోయాడు.
నా నోట్లో పులుపు ఊరింది.

పెన్నకు అవతల, కొండాపురం దోవలో,
నల్లరేగట్లో మా జేజినాయన చేను.
మంచు దిగే తెల్లారుజామున
దేవదానం ఉపదేశి తన పాత తెల్లంగీని
శనగ మొక్కల మీద పరిచి లాగేవాడు,
తడిసినాక బుడ్డిలోకి పిండేవాడు.
వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయేది.
"నూనె అంటిన చేతులు గదమ్మీ,
పులుపుకు ఓర్చుకోవు" అనేవాడు.

మూడేండ్లు ఎర్రమల గుహల్లో
ఓబులేసు పెద్దాయన వెంట తిరిగినాడంట.
ఊరు వదిలిన రాత్రి ఎన్ని కొట్టాలు కాలినాయో
జేజికి తెలుసు.
అడిగితే చేట తీసుకుని
కొర్రల్లో రాళ్లు ఏరుతుంది.
"దిగుదామా సామీ, వద్దా?"
పెద్దాయన అడిగితే ఈయన కండ్లు మూసుకుని
కొండగాలి వినేసి చెప్పేవాడు.
ఒక్కసారీ తప్పలేదంట.
తప్పి ఉంటే చెప్పేవాళ్లు ఎవరూ మిగలరు గదా.

అబ్యాతారూ, నువ్వూ అంతే.
నీ ఇంటోళ్లందరి నెత్తురు దాటుకుని
ఏఫోదు చంకన పెట్టుకుని
గుహలో ఉన్నాయన దగ్గరికి ఒక్కడివే ఉరికినావు.
మరి అంతదూరం మోసినోడివి
చివరి ఫర్లాంగులో భుజం ఎందుకు మార్చుకున్నావు?

పెద్దాయనకు ముసలితనంలో చలి పట్టింది,
ఎన్ని కంబళ్లు కప్పినా వెచ్చబడలేదు.
పెద్దకొడుకు ఊటబాయి దగ్గర, బండరాతి కింద,
పదకొండు పొట్టేళ్లు కోసినాడు.
జేజినాయన పోయినాడు.
విస్తరి ముందు కూర్చుని, చెయ్యెత్తి దీవించినాడు.
ఎముక ఇంకా చేతిలోనే ఉంది,
ఊరి పక్కనుంచి తప్పెట్లు.
రచ్చకట్ట మీద చిన్నింటి కొడుకు నెత్తిన
జయశీలం అయ్యగారు నూనె పోసేసినాడు,
మంచంలోంచే పెద్దాయన తల ఊపినాడంట.
బండ కింద విస్తర్లు ఒక్కొక్కటే ఖాళీ.
చెప్పులు వదిలేసి పోయినోళ్లూ ఉన్నారు.

తర్వాత పిలిపించినారు.
చిన్నోడు కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు:
"మా నాయన వెంట కొండలు తిరిగినోడివి,
ఈపొద్దుకు వదిలేస్తాండా.
పో, నీ చేను చూసుకో."
జేజినాయన బతికినంత కాలం
ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాడు:
"ఈపొద్దుకు అన్నాడు జూడు,
రేపటి సంగతి ఎత్తలేదు."
చేన్లో కుక్క మొరిగితే లాంతరు ఆర్పేవాడు.

ఆ పక్క ఎందుకు చేరినావని నేను అడిగితే
ఒకసారి "పొట్టేలు కూర వాసనమ్మీ" అని నవ్వినాడు.
ఒకసారి "పెద్దోడు పెద్దోడే గదా" అన్నాడు.
ఇంకోసారి ఏమీ అనలేదు, అంగీ పిండుతూ ఉన్నాడు.
నేను అనుకునేది వేరే:
ఆ చలి గదిలోకి ఆయనను పిలవడం
ఎప్పుడో మానేసినారు.
"దిగుదామా సామీ" అని అడిగే నోరు
ఇంకొకటి వెతుక్కున్నాడేమో.
ఇది నా ఊహ. రాతలో నీ కారణమూ లేదు, అబ్యాతారూ.

ఒక మాఘమాసం, జయశీలం అయ్యగారికి కడుపునొప్పి.
శనగ పులుసు కావాలని పిల్లోణ్ని పంపించినాడు.
జేజి తలుపు వేసుకుంది.
జేజినాయన బుడ్డి మెడదాకా నింపి ఇచ్చి
"మీ అయ్యగారిని అడుగు,
ఆ కొమ్ములో నూనె ఏమన్నా మిగిలిందా అని" అన్నాడు.
పిల్లోడు పెన్న ఇసకలో ఆడుకుంటూ పోయినాడు,
ఆ మాట ఏ చెలమలో పడేసినాడో.

వారానికి బుడ్డి తిరిగొచ్చింది,
కడిగి, గుడ్డమూత కట్టి.
జేజినాయన మూత విప్పి వాసన చూసినాడు,
చాలాసేపు చూసినాడు.
నూనె, అన్నాడు.
కిరసనాయిలు, అంది జేజి.