గేటు పడ్డప్పుడు

కాజీపేటల, న్యూ స్టార్ బ్యాండు షాపు మీది రేకుల రూము.
పొద్దుగాల ఏసోబు సారు
చాయ సాసర్ల పోసి ఊదుకుంట అడుగుతడు:
"నిన్న చెప్పింది మర్చిపోయినవా?
మంచిది. ఇగ వాయించు."

సారు డీజిల్ షెడ్డుల ఫిట్టరు, దిగిపోయి ఆరేండ్లాయె.
ఎడమచేతి చూపుడువేలు సగమే.
మిగతా సగం ఏ ఇంజనుకిచ్చిండో
అడిగినప్పుడల్లా ఒక నంబరు చెప్తడు, ప్రతిసారి వేరే నంబరు.
ఆ వేలు అందని మీటకు
సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఎత్తు చేసుకున్నడు.
అందుకే ఆయన సాక్సోఫోన్ల ఒక స్వరం
జర ఆలస్యంగ వస్తది,
పిలిచినంక చెప్పులేసుకొని వచ్చే మనిషి లెక్క.
పది వేళ్లు నిండుగున్న మేము గూడ
ఆడికి రాంగనే ఆలస్యం చేస్తం.
అదే జాజ్ అనుకున్నం.

ఆ మాట ఆయనకిచ్చింది డికాస్టా అనే గార్డు,
రన్నింగ్ రూముల, ఒక క్యాసెట్ తోటి.
అట్ట మీది పేర్లు చెమటకు చెరిగిపోయినయ్.
వాయించినోళ్లెవలో సారుకు ఇయ్యాల్టికీ తెల్వదు.
"తెలిస్తే వాళ్ల లెక్క వాయించెటోన్ని," అంటడు.

కాయితం మీద రాసియ్యడు.
ఒకనాడు నన్నూ డోలు ఓదెలునూ
ఎనుమాముల మిర్చి యార్డుకు తోలుకపోయిండు.
తువ్వాల కింద రెండు చేతులు.
పైన మొఖాలు ఏం చెప్పయ్, ఎటో చూస్తయ్.
కింద వేలు వేలును అడుగుతది,
ఒప్పుకోదు, ఇంకో వేలు వంచుతది.
సారు తుమ్మి, మల్ల తుమ్మి, కండ్లు తుడుచుకొని అన్నడు:
"ఎస్తేరా, ఓదెలు నిన్ను గట్లనే అడుగుతడు.
ధర ముందుగాల రాసుకొస్తే
అది బేరం కాదు, రసీదు."

మొన్న హసన్‌పర్తి దిక్కు ఒక బరాత్.
నా మీద ఎర్రకోటు, మగోళ్ల సైజుది,
చేతులు మడిస్తే జరీ లోపలికి పోతది.
గేటు పడ్డది.
పెండ్లికొడుకు కారు ఆగింది.
ఎగిరే పోరగాళ్లు కూలబడి నీళ్ల ప్యాకెట్లు కొరికిండ్రు.
రామగుండం దిక్కుకెల్లి బొగ్గు బండి,
బరువుగ, తీరువడిగ,
పట్టాల అతుకు కాడ రెండు దెబ్బలు, ఒక సందు,
రెండు దెబ్బలు, ఒక సందు.
ఓదెలు పుల్లలు ఎత్తిండు.

అందరడిగే పెండ్లి పాటను
సారు సగం వాయించి
గడప బయట చెప్పులు విడిచినట్టు విడిచిండు.
నా దిక్కు చూడలె. మోచేతితోని పొడిచిండు.

ముప్పై డబ్బాల దాకా
సారు చెప్పిందే వాయించిన, సారు లెక్కనే,
ఆ స్వరం కాడ బుద్ధిగ ఆలస్యం చేసుకుంట.
ఆయన సాక్సోఫోన్ దించి
చెవుల చెప్పిండు:
"అది నా తెగిన వేలు బిడ్డా.
నాది నాకియ్యి. నీకు నిండుగున్నది."

తర్వాత ఏం వాయించిన్నో తెల్వదు.
రెండే గుర్తున్నయ్.
ఒకటి, వస్తా వస్తా అని రాని తుమ్ము అసోంటిది.
రెండోది, దానికి మాఫీ అడిగినట్టు.
నడుమ ఓదెలు నవ్విండు, నోటితోని కాదు, పుల్లలతోని.
తువ్వాల కింద ఎవలో వేలు వంచిండ్రు.
ఒప్పుకోలె నేను.

యాభై ఎనిమిదో డబ్బా.
ఎనక గార్డు, పచ్చ లైటు.
గేటు లేసింది, నా మాట సగంలనే ఉన్నది.
పాట విడిచిన కాన్నే ఉన్నది,
తొడుక్కొని నడిచినం.
పోరగాళ్లు ఎగిరిండ్రు.
ఎవలూ ఏం వినలే.
గేట్‌మన్ ఒక్కడు జెండా చుట్టుడు ఆపి
కొంచెం సేపు మమ్ముల చూసిండు,
లేకుంటే నా ఎర్రకోటును చూసిండు.

తెల్లారి రేకుల రూము. సాసరు. ఆవిరి.
"నిన్న వాయించింది మర్చిపోయినవా?"
"లేదు సార్. రాత్రంత అదే."
"అయితే ఇంటికి పో. మర్చిపోయినంక రా."

మెట్లు దిగుతాంటే పైన మొదలువెట్టిండు.
ఆ స్వరం కోసం ఆగిన.
రాలె.
రోడ్డు దాటి, ఆటోల నడుమ నడుస్తాంటే
అప్పుడొచ్చింది.